వ్యాపారంలోకి దిగే ముందు: ఏ రకం వ్యాపారం, ఎవరి నష్టం?

వ్యాపారం పెట్టాలనుకునేవారిలో చాలామంది మొదట పేరు వెతుకుతారు. ఆ తరువాత లోగో, విజిటింగ్ కార్డు, సామాజిక మాధ్యమాల్లో ఒక పేజీ. కొనేవారు మాత్రం ఇంకా ఒక్కరూ కనిపించరు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత వీరిని చూసే పుట్టిందేమో. ఇక్కడ ఆ వరుసను తిరగేద్దాం. పేరు సంగతి చివరికి చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవలసిన ప్రశ్న వేరు: ఇది నడవకపోతే నష్టం ఎవరు భరిస్తారు, ఎంతవరకు భరిస్తారు?

భయపెట్టడానికి అడిగే ప్రశ్న కాదిది. వ్యవస్థాపకుడు అంటే ఎవరు అన్నదానికి ఆర్థికశాస్త్రంలో దొరికే తొలి జవాబుల్లో ఒకటి దీని చుట్టూనే తిరుగుతుంది. ఐర్లండ్‌లో పుట్టి పారిస్‌లో బ్యాంకింగ్ వ్యాపారం చేసిన రిచర్డ్ కాంటిలాన్ రచన ఆయన మరణించాక 1755లో అచ్చయింది. రాజును, భూస్వాములను పక్కన పెట్టి మిగిలిన జనాన్ని ఆయన రెండు వర్గాలు చేశాడు: నికరమైన జీతం అందుకునేవారు, నికరమైన ఆదాయం లేనివారు. రెండో వర్గమే వ్యవస్థాపకులు. తెలిసిన ధరకు కొని, ఎంతకు పోతుందో తెలియకుండా అమ్మకానికి పెట్టేవారు. ఆ లెక్కన రైతు, చిల్లర వర్తకుడే కాదు, బిచ్చగాళ్లు, దొంగలు కూడా ఇందులోకే వస్తారని ఆయన రాశాడు. నవ్వు వచ్చినా తర్కం తప్పు కాదు. ఖర్చు ఖాయం, రాబడి ఖాయం కాదు. ఆ తేడాను తన నెత్తిన వేసుకునేవారే వ్యాపారి.

1921లో అమెరికా ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ దీనికి మరో మెలిక చేర్చాడు. లెక్క కట్టగల ప్రమాదం వేరు, లెక్కకు అందని అనిశ్చితి వేరు. గోదాము తగలబడితే బీమా సంస్థ చెల్లిస్తుంది, ఎందుకంటే ఎన్ని గోదాములు తగలబడతాయో దాని దగ్గర లెక్క ఉంటుంది. మీ వస్తువు జనానికి నచ్చకపోతే చెల్లించే బీమా ఏదీ లేదు. లాభం పుట్టేది ఆ రెండో చోటే. అందువల్ల కింది మెట్లన్నీ ఒకే పని చేస్తాయి: లెక్కకు అందని దాన్ని వీలైనంత చవకగా తెలుసుకోవడం, తెలిసేలోపు పోయేదానికి ఒక హద్దు గీయడం.

1. ఎంత పోతే తట్టుకోగలరో రాసుకోండి

ఎంత సంపాదించవచ్చు అన్న అంచనాతో మొదలుపెట్టకండి. ఆ అంచనా మీరు ఎలా వంచితే అలా వంగుతుంది. పోయినా ఇల్లు గడిచే మొత్తం ఎంత? ఎన్ని నెలల కాలం? ఎవరి డబ్బు? అనుభవం ఉన్న వ్యాపారవేత్తలు ఎలా ఆలోచిస్తారో పరిశీలించిన పరిశోధకురాలు సరస్ సరస్వతి 2001లో ప్రచురించిన పత్రంలో ఇదే తేలింది. వారు ఎంత వస్తుందని అడిగేకంటే ముందు ఎంత పోగొట్టుకోగలం అని చూసుకుంటారు.

కాగితం మీద మూడు అంకెలు వేయండి. పెట్టబోయే డబ్బు, పెట్టబోయే నెలలు, ఆ నెలల్లో ఇంటి ఖర్చు. మూడోది చాలామంది మరిచిపోతారు. ఉద్యోగం మానేసి ఆరు నెలలు వ్యాపారం మీద కూర్చుంటే, ఆ ఆరు నెలల జీతం కూడా మీరు పెట్టిన పెట్టుబడే. వీలైతే ఉద్యోగంలో ఉంటూనే ఐదో మెట్టు వరకు రండి. ధైర్యం తక్కువైందని ఎవరైనా అంటే అననివ్వండి.

2. ఎవరి ఇబ్బంది తీరుస్తున్నారో చూడండి

కొత్త ఆలోచన అంటే ప్రపంచంలో ఎవరూ చూడని వస్తువు కానక్కరలేదు. ఆస్ట్రియాకు చెందిన ఆర్థికవేత్త జోసెఫ్ షుంపీటర్ కొత్తదనానికి ఐదు దారులు చెప్పాడు: కొత్త వస్తువు, తయారీలో కొత్త పద్ధతి, కొత్త మార్కెట్, ముడిసరుకు దొరికే కొత్త చోటు, ఆ రంగాన్ని నడిపే కొత్త ఏర్పాటు. వస్తువు పాతదే అయినా మిగిలిన నాలుగింటిలో ఏదో ఒకటి మారితే చాలు. ఇంకా చెప్పాలంటే, ఏదీ మార్చకుండా ఉన్న పనినే నమ్మకంగా, చెప్పిన రోజుకు చేసి ఇచ్చేవారికీ గిరాకీ ఉంటుంది. దాన్ని తక్కువగా చూడవలసిన పని లేదు.

కొనబోయేవారితో మాట్లాడేటప్పుడు ప్రశ్న అడిగే తీరు ముఖ్యం. “ఇలాంటిది వస్తే కొంటారా?” అని అడిగితే మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు. అడగవలసింది జరిగిపోయిన దాని గురించి. కార్యాలయాలకు కంప్యూటర్లు బాగుచేసే పని పెట్టాలనుకున్నారనుకోండి. “మీ కంప్యూటర్ చివరిసారి ఎప్పుడు ఆగిపోయింది? అప్పుడు ఎవరిని పిలిచారు? ఎంతసేపు పని నిలిచిపోయింది? ఎంత ఇచ్చారు?” అని అడగండి. జవాబు తడుముకోకుండా, కాస్త చిరాకుతో వచ్చిందంటే అక్కడ ఇబ్బంది నిజంగా ఉంది. “గుర్తు లేదండీ, ఎవరో వచ్చి చూశారు” అన్నారంటే ఆ ఇబ్బందికి డబ్బు పెట్టే ఉద్దేశం వారికి లేదు. స్నేహితులను, బంధువులను ఈ లెక్కలోకి తీసుకోకండి. వారు మిమ్మల్ని చూసి జవాబు చెబుతారు.

3. చేసే పనిని బట్టి మీది ఏ రకమో గుర్తించండి

పాఠ్యపుస్తకాలు మూడు రకాలు చెబుతాయి: సేవలు, వర్తకం, తయారీ. ఈ మూడింటినీ పేర్లుగా బట్టీ పడితే ప్రయోజనం లేదు. మీ డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో ఇవి చెబుతాయి, అదీ వాటి ఉపయోగం.

సేవల్లో సరుకు నిల్వ ఉండదు. కుట్టుపని, మరమ్మతులు, పాఠాలు చెప్పడం, లెక్కలు రాసిపెట్టడం, రవాణా, అనువాదం ఇవన్నీ సేవలే. పెట్టుబడి తక్కువ. కానీ అమ్ముడుపోని గంటను రేపటికి దాచలేరు. మీరు పడుకుంటే ఆదాయమూ పడుకుంటుంది. పని పెరిగితే మనుషులను పెంచాలి, పెంచితే నాణ్యత మీ చేతి నుంచి జారుతుంది.

వర్తకంలో, టోకు అయినా చిల్లర అయినా, డబ్బు సరుకు రూపంలో అరల మీద కూర్చుంటుంది. ఇక్కడ గెలుపు ఎంత లాభానికి అమ్మారన్నదాంట్లో ఎంత ఉందో, ఎంత వేగంగా అమ్మి మళ్లీ తెచ్చారన్నదాంట్లోనూ అంతే ఉంది. కదలని సరుకును “ఎప్పటికైనా పోతుంది” అని ఉంచుకోవడం కొత్తవారు తరచూ చేసే పొరపాటు.

తయారీలో డబ్బు ఇరుక్కునే చోట్లు అన్నింటికంటే ఎక్కువ: యంత్రాలు, ముడిసరుకు, సగం తయారైన సరుకు, పూర్తయి గోదాములో ఉన్న సరుకు, అరువుకు ఇచ్చి ఇంకా వసూలు కాని బాకీ. ఒక లెక్క చూడండి. ముడిసరుకు 20 రోజులు నిల్వ ఉంటుంది. తయారైన సరుకు అమ్ముడుపోవడానికి 25 రోజులు. కొన్నవారు డబ్బు ఇచ్చేది 45 రోజులకు. మొత్తం 90 రోజులు. మీకు ముడిసరుకు ఇచ్చినవారు 30 రోజుల గడువు ఇచ్చారు. అంటే మిగిలిన 60 రోజులు మీ సొంత డబ్బుతోనే నడపాలి. నిర్వహణ మూలధనం అని బ్యాంకులు అడిగేది దీన్నే. ఆర్డర్లు బాగా వస్తూ ఉండగా మూతపడే వ్యాపారాలు ఈ 60 రోజుల దగ్గరే పడిపోతాయి. అమ్మకాలు రెట్టింపైతే ఇరుక్కునే డబ్బూ రెట్టింపవుతుంది కదా.

మూడూ కలిసిన వ్యాపారాలూ ఉంటాయి. యంత్రం తయారుచేసి అమ్మి, విడిభాగాలు అమ్మి, మరమ్మతు ఒప్పందమూ చేసుకునేవారు లేకపోలేదు. కొనేవారిని, అమ్మేవారిని కలిపి రుసుము తీసుకునే ఆన్‌లైన్ వేదికలూ ఉన్నాయి. అవి సేవల కిందికే వస్తాయి కానీ రెండు వైపులా జనం ఒకేసారి చేరితేగాని నడవవు. తొలి వ్యాపారంగా నేనైతే దాన్ని సిఫారసు చేయను.

4. ఎన్ని అమ్మితే ఖర్చు వెళ్తుందో లెక్క కట్టండి

గుడ్డసంచులు కుట్టి అమ్మే వ్యాపారం తీసుకుందాం. డబ్బు పేరు ఏదైనా లెక్క మారదు. ఒక సంచి అమ్మకం ధర 250. గుడ్డ, దారం, కూలి కలిపి ఒక్కోదానికి 150. మిగిలేది 100. ఒక్క సంచీ అమ్మకపోయినా నెలనెలా కట్టక తప్పని అద్దె, కరెంటు, ఫోను వంటివి 12,000. పన్నెండు వేలను వందతో భాగిస్తే 120. నెలకు 120 సంచులు అమ్మితే లాభం లేదు, నష్టం లేదు.

ఇప్పుడు చాలామంది వదిలేసే పద్దు వేయండి: మీ జీతం. నెలకు 8,000 అనుకుంటే స్థిర ఖర్చు 20,000 అయింది. సంచులు 200 అమ్మాలి. మీ జీతం వేసుకోకుండా వ్యాపారం లాభాల్లో ఉందనుకోవడం మీకు మీరే అబద్ధం చెప్పుకోవడం.

పక్కవారు తగ్గించారని మీరూ ధరలో 20 శాతం తగ్గించారనుకోండి. ధర 200, మిగిలేది 50. అమ్మవలసినవి 400. ధర ఐదో వంతు తగ్గితే అమ్మకం రెట్టింపు కావాలి. మీ కుట్టు యంత్రాలు నెలకు 400 కుడతాయా? కుట్టినా కొనేవారున్నారా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేకుండా తగ్గింపు ధర బోర్డు పెట్టకండి.

5. చిన్నగా అమ్మి చూడండి

1999లో అమెరికాలో నిక్ స్విన్‌మర్న్ అనే యువకుడికి ఇంటర్నెట్‌లో చెప్పులు, బూట్లు అమ్మాలన్న ఆలోచన వచ్చింది. తొడుక్కుని చూడకుండా ఎవరు కొంటారన్నది పెద్ద సందేహం. అతను గోదాము తీసుకోలేదు, సరుకు కొనలేదు. దుకాణాలకు వెళ్లి బూట్లకు ఫొటోలు తీసుకుని వెబ్‌సైట్‌లో పెట్టాడు. ఎవరైనా ఆర్డర్ ఇస్తే అదే దుకాణంలో మామూలు ధరకు కొని పంపించాడు. ఒక్కో అమ్మకంలో అతనికి మిగిలిందేమీ ఉండదు. జనం కొంటారన్న సంగతి మాత్రం తెలిసింది. ఆ సంస్థే తరువాత జాపోస్ అయింది. 2009లో అమెజాన్ దాన్ని కొనుక్కుంది.

మీ వ్యాపారంలో ఇలాంటి పరీక్ష ఏమిటో ఆలోచించండి. సంచులైతే పది కుట్టి అమ్మడం. శిక్షణ తరగతులైతే ఒక వారాంతం, అద్దె గదిలో. పరీక్షలో మెచ్చుకోళ్లను లెక్కలోకి తీసుకోకండి, చేతికొచ్చిన డబ్బునే లెక్కపెట్టండి. ముందస్తు చెల్లింపు అయితే ఇంకా మేలు. అడిగిన ధర ఇచ్చి, రెండోసారి తనంతట తాను వచ్చిన కొనుగోలుదారు ఉన్నారంటే వ్యాపారం ఉన్నట్టే. లేకపోతే రెండో మెట్టుకు తిరిగి వెళ్లండి. ఖర్చయింది కొద్దిగానే కదా.

6. యాజమాన్య రూపం ఎంచుకోండి

మొదట అడిగిన ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబులు ఇక్కడ ఉన్నాయి. పేర్లు, రిజిస్ట్రేషన్ పద్ధతులు, పన్నులు దేశానికో రకంగా ఉంటాయి. మూల స్వరూపాలు మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఇవే.

సొంత యాజమాన్యం అన్నింటికంటే తేలిక. మీరే వ్యాపారం, వ్యాపారమే మీరు. లాభమంతా మీదే, నిర్ణయమంతా మీదే. అప్పు కూడా అంతే. వ్యాపారం తీర్చలేని బాకీకి మీ ఇల్లు, మీ పొదుపు జవాబు చెప్పాలి. మీ తరువాత అది కొనసాగాలంటే కొత్తగా ఏర్పాటు చేయాల్సిందే. అప్పు లేకుండా, ఎవరికీ ప్రమాదం కలిగించే అవకాశం లేని చిన్న పనికి ఇది చాలు. మొదటి రోజే కంపెనీ పెట్టాలన్న ఆత్రం అక్కరలేదు.

భాగస్వామ్యం దగ్గర కాస్త ఆగాలి. ఎక్కువ స్నేహాలు చెడేది ఇక్కడే. సాధారణ భాగస్వామ్యంలో సంస్థ పనుల్లో ఒకరు చేసిన ఒప్పందానికి రెండోవారూ కట్టుబడాలి. ఇద్దరు కలిసి ముద్రణాలయం పెట్టారు. ఒకరు ఊళ్లో లేనప్పుడు రెండోవారు పెద్ద ఆర్డర్ ఆశతో లారీడు కాగితం అరువుకు దించుకున్నారు. ఆర్డర్ రాలేదు. కాగితం ఇచ్చినవారు ఎవరి దగ్గర డబ్బు ఉంటే వారినే పట్టుకుంటారు, చాలా దేశాల చట్టాల్లో మొత్తం బాకీ ఒక్కరి దగ్గరే వసూలు చేసుకునే హక్కు వారికి ఉంటుంది. “నాకు చెప్పలేదు” అన్న మాట భాగస్వాముల మధ్య పంచాయితీకి పనికొస్తుంది గానీ అప్పు ఇచ్చినవారి ముందు చెల్లదు.

అందుకే ఒప్పందం కాగితం మీద ఉండాలి. ఎవరు ఎంత డబ్బు పెట్టారు, ఎవరు ఎంత సమయం పెడతారు అన్నవి రెండు వేర్వేరు పద్దులు. పనిచేసినవారికి జీతం ముందు, లాభంలో వాటా తరువాత. ఎంత మొత్తం దాటిన ఖర్చుకు ఇద్దరి సంతకం కావాలి? ఒకరు వెళ్లిపోతానంటే వారి వాటాకు విలువ ఎలా కడతారు? ఒకరు మరణిస్తే వారసులు భాగస్వాములవుతారా, డబ్బు తీసుకుని తప్పుకుంటారా? అడగడానికి ఇబ్బందిగా ఉండే ప్రశ్నలే ఇవి, పొత్తు బాగున్నప్పుడు అడిగితేనే సరైన జవాబు వస్తుంది. సగం సగం అన్న పంపకం మర్యాద కోసం చేసుకున్నదై ఉంటుంది తప్ప ఆలోచించి చేసుకున్నది కాదు. ఇద్దరూ చెరో వైపు లాగితే బండి కదలదు. ఒక్కో విషయంలో తుది మాట ఎవరిదో ముందే రాసుకోండి. డబ్బు మాత్రమే పెట్టి, నిర్వహణలో తలదూర్చకుండా, పెట్టినంత వరకే బాధ్యత వహించే భాగస్వామి ఉండే పరిమిత భాగస్వామ్యం కూడా చాలాచోట్ల దొరుకుతుంది.

మూడోది కంపెనీ. ఇక్కడ చట్టం ఒక కొత్త వ్యక్తిని సృష్టిస్తుంది. ఆ వ్యక్తికి ఒళ్లు లేదు గానీ ఆస్తి ఉంటుంది, అప్పు ఉంటుంది, కోర్టుకు వెళ్లగలదు. దీని హద్దు ఎంతవరకో తేలిన కేసు లండన్‌లో బూట్లు తయారుచేసిన ఆరన్ సాలమన్‌ది. తన వ్యాపారాన్ని 1892లో కంపెనీగా మార్చాడు. 20,007 వాటాల్లో 20,001 ఆయనవే. భార్యకు, పిల్లలకు తలా ఒకటి. కంపెనీ దెబ్బతింది, అప్పులవాళ్లు ఆయన మీద పడ్డారు. కంపెనీ పేరుకే, అసలు మనిషి ఆయనే కదా అని కింది కోర్టులు అన్నాయి. అప్పట్లో బ్రిటన్‌లో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ 1896లో ఆ వాదనను కొట్టేసింది: చట్టప్రకారం ఏర్పడిన కంపెనీ వేరు, సాలమన్ వేరు. కంపెనీ అప్పు ఆయన అప్పు కాదు.

ఈ కవచాన్ని చూసి మురిసిపోయే ముందు రెండు సంగతులు తెలుసుకోవాలి. కొత్త కంపెనీకి అప్పు ఇచ్చే బ్యాంకులు చాలావరకు యజమాని వ్యక్తిగత హామీ అడుగుతాయి. ఆ కాగితం మీద సంతకం పెట్టిన క్షణాన, ఆ అప్పు మేరకు కవచం తొలగినట్టే. రెండోది, కంపెనీ డబ్బును ఇంటి ఖర్చులకు వాడుతూ, రెండు ఖాతాలూ కలిపేసి, మోసానికి కంపెనీని అడ్డు పెట్టుకుంటే కోర్టులు ఆ తెర తొలగించి వెనకున్న మనిషిని చూడగలవు. ఏటా దాఖలు చేయవలసిన లెక్కలు, ఆడిట్ ఖర్చు వీటికి అదనం. బయటి పెట్టుబడి తెచ్చుకోవాలన్నా, పెద్ద బాధ్యతలు తలకెత్తుకోవాలన్నా కంపెనీయే దారి.

సహకార సంఘం గురించి కొత్తవారు అసలు ఆలోచించరు, ఆలోచించాలి. 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 28 మంది, ఎక్కువమంది చేతివృత్తుల వారు, కలిసి దుకాణం తెరిచారు. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకే ఓటు. మిగులును కొన్న సరుకును బట్టి పంచుకున్నారు. ఒక్కరికి అందని యంత్రమో గోదామో పదిమందికి అందుతుందనుకున్న చోట ఈ రూపం ఇప్పటికీ పనికొస్తుంది. నిర్ణయాలు మాత్రం నిదానంగా జరుగుతాయి.

ఫ్రాంచైజీని కూడా చాలామంది యాజమాన్య రూపం అనుకుంటారు, కాదు. అది ఒప్పందం. వేరొకరి పేరు, పద్ధతి వాడుకుంటూ రుసుము కట్టడం. మీరు సొంత యాజమాన్యంగానైనా, కంపెనీగానైనా దాన్ని తీసుకోవచ్చు. పేరు వారిది, నష్టం మీది. సంతకం చేసే ముందు ఆ ఫ్రాంచైజీని వదిలేసినవారిని వెతికి పట్టుకుని మాట్లాడండి. నడుపుతున్నవారికంటే వారే వివరంగా చెబుతారు.

7. మొదటి రోజు నుంచే లెక్క రాయండి

వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా. ప్రతి చెల్లింపుకు రశీదు. ఏ రోజు జమాఖర్చు ఆ రోజే. 1494లో వెనిస్‌లో అచ్చయిన గణిత గ్రంథంలో లూకా పాచియోలి అనే సన్యాసి అక్కడి వర్తకులు వాడే జంట పద్దు పద్ధతిని వివరించాడు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది అని ప్రతి వ్యవహారాన్ని రెండు చోట్ల రాసే ఆ పద్ధతే నేటి సాఫ్ట్‌వేర్‌లలోనూ నడుస్తోంది. మీకు సాఫ్ట్‌వేర్ అక్కరలేకపోతే నోటుపుస్తకమే చాలు. రావలసిన బాకీల జాబితాను మాత్రం వారం వారం చూడండి. పుస్తకంలో లాభం ఉండి చేతిలో డబ్బు లేని స్థితి ఆ జాబితాలోనే ముందుగా కనిపిస్తుంది. అమ్మకంలో వసూలు చేసిన పన్ను మీది కాదు, దాన్ని వేరే ఖాతాలో ఉంచండి.

8. ఆపే తేదీ కూడా రాసుకోండి

మొదటి మెట్టులో రాసిన కాగితం తీయండి. ఏ నెల దాటినా, ఏ మొత్తం దాటినా ఆగి ఆలోచిస్తానన్నది దాని మీద రాసి, ఇంట్లో ఒకరికి చూపించండి. ఆ గడువు వచ్చేసరికి ఇంకొక్క నెల చూద్దామని మనసు లాగుతుంది. అప్పుడు గుర్తుచేసే మనిషి ఉండాలి.

ఆపాలని తేలితే ఊరికే తలుపు మూసి రాకండి. ముందు పనివారి జీతాలు, తరువాత పన్నులు, సరుకు ఇచ్చినవారి బాకీలు తీర్చండి. మీకు రావలసినవి మూసేముందే వసూలు చేసుకోండి, మూసేశారని తెలిశాక ఇచ్చేవారు తక్కువ. అద్దె ఒప్పందంలో ముందస్తు నోటీసు గడువు చూసుకోండి. రిజిస్ట్రేషన్లన్నీ రద్దు చేయించండి. చాలా దేశాల్లో వ్యాపారం ఆగిపోయినా కంపెనీ పేరు రిజిస్టరులో ఉన్నంతకాలం ఏటా లెక్కలు దాఖలు చేయాలి, చేయకపోతే జరిమానా పెరుగుతూ పోతుంది. రద్దయినట్టు ఇచ్చిన పత్రాన్ని, చివరి ఏడాది లెక్కల పుస్తకాలను చట్టం చెప్పినన్ని సంవత్సరాలు భద్రపరచండి.